మారటోరియమా, నిషేధ చట్టమా? యురేనియం తవ్వకాలు వద్దనేవాళ్లు ఏది అడగాలి

యురేనియం తవ్వకాల మీద పోరాడేవాళ్ల ముందు రెండు దార్లుంటాయి, మారటోరియం (అంటే తవ్వకాలు కొన్నాళ్లు ఆపమనే ఆదేశం) అడగడం లేదా పూర్తి నిషేధ చట్టం కోసం పట్టుబట్టడం. మారటోరియం కాస్త తొందరగా వస్తుంది, కానీ గడువుంటే ఆ రోజుతో సరి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 1980లో ఏడేళ్లకి పెట్టింది, 1987లో గడువైపోయింది, మళ్లీ ఆపడానికి 2008 దాకా పట్టింది!

చట్టం అలా కాదు. గ్రీన్‌లాండ్ 2021లో చేసింది చూడండి, 100 పీపీఎం దాటి యురేనియం ఉన్న ఖనిజం తవ్వకూడదని అంకెతో సహా రాశారు, అంటే పది లక్షల పాళ్లలో వంద. అరుదైన ఖనిజాల కోసం వచ్చిన క్వానెఫెల్డ్ ప్రాజెక్టుకి ఆ అంకే అడ్డుపడింది, ఎందుకంటే అక్కడి రాయిలో యురేనియం కూడా కలిసే ఉంటుంది, మేం తవ్వేది వేరే దాని కోసం అన్నా కుదరదు. నాకు బాగా నచ్చింది ఇదే, డిమాండ్ రాసేటప్పుడే అంకె అడగాలి.

అలాగని చట్టం రాగానే ఇంటికెళ్లిపోతే కష్టం. కిర్గిజ్‌స్తాన్‌లో 2019లో జనం రోడ్డెక్కి మరీ నిషేధం తెచ్చుకున్నారు, 2024లో పార్లమెంటే దాన్ని ఎత్తేసింది, చాలా బాధేసింది. అయినా నా ఓటు చట్టానికే, ఎత్తెయ్యాలంటే కనీసం సభలో అందరి ముందూ ఓటెయ్యాలి కదా, గడువైతే చప్పుడు లేకుండా అయిపోతుంది.