హైదరాబాద్ చుట్టుపక్కల మట్టిబాటలు: పరుగుకు ఏది, సైకిల్‌కు ఏది

మొయినాబాద్ దాటాక ఒక పంక్చర్ షాపు. కుర్రాడు నా ట్యూబు ఊడదీసి బకెట్ నీళ్లలో ముంచాడు, బుడగలు చూసి "మూడున్నయన్నా" అన్నాడు. మూడూ పల్లేరు కాయల పనే. పది నిమిషాల్లో ప్యాచులు వేసేశాడు. గాలి కొట్టబోతే అతని గొట్టం నా సన్న వాల్వుకు పట్టలేదు. దానికి వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ కావాలి. అది ఇంట్లో డబ్బాలో భద్రంగా ఉంది. సైకిల్ ఆటోలో వేసుకుని వెనక్కి వచ్చాను.

కాబట్టి ముందు మాట: హైదరాబాద్ పొలిమేరల్లో మట్టిబాట ఎక్కేవాళ్లు బండి ఎంత ఖరీదైనదో కాదు, జేబులో ఏమేం ఉన్నాయో చూసుకోవాలి. టైరు లోపల సీలెంటు (చిల్లుల్ని లోపలినుంచే మూసే ద్రవం) పోయించుకుంటే పల్లేరు బాధ చాలావరకు తగ్గుతుంది. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం దానికీ లొంగదు.

సైకిల్‌కు నేను ఎక్కువగా వెళ్లేది గండిపేట, చిలుకూరు, మొయినాబాద్ వైపే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జంట జలాశయాలు ఇటువైపే ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటి ఎగువన 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. ఆ పుణ్యమేనేమో, ఈ వైపు పూలతోటల మధ్య బండ్ల బాటలు ఇంకా మిగిలాయి. అయినా పోయిన ఏడు నేరుగా తొక్కుకుంటూ పోయిన బాటకు ఈ ఏడు ఫామ్‌హౌస్ గోడ అడ్డం వస్తుంది. చుట్టూ తిరిగి పోవాలి.

వానాకాలంలో నల్లరేగడి ఉన్న చోటికి మాత్రం వద్దు. రెండు వందల గజాలు పోయేసరికి మట్టి చక్రానికీ ఫోర్కుకూ మధ్య ముద్దలా పేరుకుపోయి చక్రమే తిరగదు. సైకిల్ భుజానికెత్తుకోవడమే. ఇక శుక్ర, శని, ఆదివారాలు చిలుకూరు బాలాజీ గుడి రోడ్డు కార్లతో నిండిపోతుంది. ఏడు గంటల్లోపు దాటేయాలి. ఫామ్‌హౌస్ కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. ఇప్పటిదాకా నా పిక్కలు భద్రం.

కొత్తవాళ్లు మొదట ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు కింద వేసిన సైకిల్ ట్రాక్ మీద అలవాటు పడటం మంచిది. 2023 అక్టోబరులో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. నీడ ఉంటుంది, లారీల టెన్షన్ లేదు. నాకైతే అరగంటకే విసుగు. అద్దె సైకిళ్ల విషయంలో జాగ్రత్త. ఊళ్లో ఒక షాపులో తీసుకున్నదానికి వెనక బ్రేకు ఉత్తుత్తిదే. అడిగితే "ముందుది వాడండి సార్" అన్నాడు!

పరుగుకైతే ఖాజాగూడ గుట్టలే. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద, ఐటీ భవనాలకు ఎదురుగా, పొద్దున ఆరింటికి పరుగెత్తడం వేరే ఊళ్లో దొరకదు. దూరం చిన్నదే, నాలుగైదు రౌండ్లు కొట్టాలి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే ప్రమాదం. బండ మీద రవ్వలాంటి సన్న గరుసు ఉంటుంది, షూ ఎంత మంచిదైనా జారుతుంది. ఆదివారం పొద్దున సీసా పెంకులు కూడా ఉంటాయి, శనివారం రాత్రి వచ్చినవాళ్ల పుణ్యం.

రెండు రోజులు చేతిలో ఉంటే అనంతగిరి. వికారాబాద్ దాకా రైల్లో వెళ్తే లింగంపల్లి నుంచి సుమారు గంట పడుతుంది, అక్కడినుంచి కొండకు ఆటో. నేల ఎర్ర మొరం, పైన టేకు ఆకుల పరుపు. మోకాళ్లకు ఇంతకన్నా సుఖమైన బాట నేను చూడలేదు. ఒకసారి మేకలు కాస్తున్న అవ్వ నన్ను ఆపి, వెనక్కి తొంగి చూసి, "ఎవలు తరుముతున్నరు బిడ్డా?" అంది. ఎవరూ లేరన్నాక నమ్మకం కుదరక తన సీసాలో నీళ్లు ఇచ్చింది.

బస విషయానికొస్తే, మొదటిసారి కొండ కింద ఒక ఫామ్ స్టేలో దిగి తప్పు చేశాను. అర్ధరాత్రి దాకా పక్క కాటేజీలో డీజే, ఆరింటికి ఇస్తామన్న టిఫిన్ తొమ్మిదింటికి. రెండోసారి కొండ మీదే ఉన్న పర్యాటక శాఖ హరిత రిసార్ట్‌లో దిగాను. గది మామూలుదే, కానీ గేటు దాటితే అడవి. పరుగుకు వచ్చినవాడికి అది చాలు. ముందురోజే అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు తెచ్చిపెట్టుకోండి, తెల్లవారుజామున ఏమీ దొరకదు.

అదే జిల్లాలో పూడూరు దగ్గర దామగుండం అడవి నా మొదటి ఇష్టం. రామలింగేశ్వరుడి గుడి దగ్గర బండి ఆపి, లోపల ఇరవై కిలోమీటర్లు తిరిగి, మనిషి కనబడకుండా వెనక్కి వచ్చిన రోజులున్నాయి. అక్కడ నేవీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దాదాపు 2,900 ఎకరాలు. పాత జీపీఎస్ ట్రాకులు ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటిని నమ్ముకుని బయల్దేరకండి, ముందు పూడూరులో చాయ్ తాగుతూ ఎక్కడిదాకా పోనిస్తున్నారో అడిగి వెళ్లండి.