స్టార్ ట్రాకర్ మంచిదే, దాని వెడ్జ్‌తోనే నా గొడవ

ఆకాశంతో పాటే కెమెరాను మెల్లగా తిప్పే ఈ స్టార్ ట్రాకర్ ఎంత బరువు మోస్తుంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా అనంతపురం చుట్టుపక్కల దీన్ని వాడుతున్నాను, అదీ ఎక్కువగా నక్షత్ర గుచ్ఛాల కోసమే. నేను చెప్పదలచుకున్నది దాని వెడ్జ్ గురించి. ట్రాకర్‌ను ధ్రువ నక్షత్రం వైపు వాల్చి పట్టుకోవాల్సిన ఆ ముక్కను చేసినవాళ్లు మన ప్రాంతాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

ముందు మోటారుకు ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేస్తాను. ట్రాకర్ లేకుండా 135 ఎం.ఎం. లెన్స్‌తో కృత్తికలను తీస్తే నా కెమెరాలో నక్షత్రం సెకనుకు రెండు పిక్సెళ్లు జరిగిపోతుంది. ట్రాకర్ మీద పెడితే నిమిషం పాటు తెరిచి ఉంచినా చుక్క చుక్కలాగే ఉంటుంది. గుచ్ఛాలకు అదే ప్రాణం. నెబ్యులా (వాయు మేఘం) కాస్త సాగినా కంటికి ఆనదు; గుచ్ఛంలో ఉన్నవన్నీ చుక్కలే కాబట్టి ఏ కొంచెం సాగినా దొరికిపోతుంది. పైగా మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ నెబ్యులాల ఎర్ర వెలుగును చాలావరకు ఆపేస్తుంది, నక్షత్రాల రంగులకు ఆ బాధ అంతగా లేదు. వృశ్చికం తోక దగ్గరున్న ఎం6 గుచ్ఛాన్ని తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. నీలి చుక్కల మధ్య ఒకటి మాత్రం నారింజ రంగులో మెరుస్తుంది. దాని పేరు బి.ఎం. స్కార్పియై. ఆ రంగు కావాలంటే ఎక్స్‌పోజర్ తగ్గించి, ఎక్కువ ఫోటోలు తీసి కలుపుకోవాలి. అత్యాశకు పోయి ఎక్కువసేపు తెరిస్తే అన్నీ తెల్లబడిపోతాయి.

ఇక గొడవ. ఏ ఊళ్లోనైనా ధ్రువ నక్షత్రం ఆ ఊరి అక్షాంశం ఎంతో దాదాపు అంత ఎత్తులోనే ఉంటుంది. లండన్‌లో 51 డిగ్రీలు, అనంతపురంలో 15 కూడా ఉండదు. ఎండాకాలపు దుమ్ములో అది కనిపించడమే గగనం, అది వేరే సంగతి. అంత తక్కువ వాలులో ట్రాకర్ అక్షం దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. కెమెరా, లెన్స్, వాటికి సరితూగడానికి పెట్టే బరువు కడ్డీ అన్నీ ముందుకు వేలాడి, ఆ భారమంతా వెడ్జ్‌లోని ఒక్క బిగింపు మర మీద పడుతుంది. అంతేకాదు, తూర్పున కృత్తికలు అప్పుడే లేచినప్పుడు బరువు కడ్డీ నేరుగా కిందికి దిగి ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. దీనికి విరుగుడు తేలికే: ఉత్తరం వైపు కాలు కాకుండా రెండు కాళ్ల మధ్య సందు వచ్చేట్టు నిలబెట్టాలి. మర సంగతే అంత తేలిగ్గా తెమల్లేదు.

ఏప్రిల్ నెలలో ఒమెగా సెంటారీ తీద్దామని తాడిపత్రి దగ్గర మా చిన్నాన్న వాళ్ల చేనుకు వెళ్లాను. ఈ గుచ్ఛమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో దాదాపు కోటి నక్షత్రాలు. లండన్ వాళ్లకు అది దిగంతం దాటి పైకే రాదు, మనకు దక్షిణాన 27 డిగ్రీల పైకి వస్తుంది. ఏ అక్షాంశం వల్ల ఆ గుచ్ఛం మనకు దక్కుతోందో, ఆ అక్షాంశం దగ్గరే వెడ్జ్ చేతులెత్తేసింది. 200 లెన్స్‌తో మొదటి ఫోటోలు బాగానే వచ్చాయి. అరగంట తర్వాత జూమ్ చేసి చూస్తే చుక్కలన్నీ ఒకే వైపు సాగి ఉన్నాయి. గాలి లేదు. పోలార్ స్కోప్‌లో (ట్రాకర్‌ను ధ్రువ నక్షత్రానికి గురిపెట్టే చిన్న దూరదర్శినిలో) చూస్తే ధ్రువ నక్షత్రం ఉండాల్సిన గీత దాటిపోయింది. మళ్లీ సరిచేసి, మర శక్తికొద్దీ బిగించి, వెడ్జ్ అతుకు మీద మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీశాను. ఇంకో అరగంటకు ఆ గీత రెండు ముక్కలై, మధ్యలో అర మిల్లీమీటరు ఎడం వచ్చింది. అంత చిన్న వెడ్జ్‌లో అర మిల్లీమీటరంటే సుమారు ఒక డిగ్రీ. డిగ్రీ తప్పితే నక్షత్రాలు నిమిషానికి 15 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) దాకా జరుగుతాయి, 200 లెన్స్‌తో అది మూడు పిక్సెళ్ల పైమాటే. నేను ఆ మరతో కుస్తీ పడుతుండగానే చిన్నాన్న మంచం మీద నుంచి కేకేశాడు: "ఏం నాయనా, ఇంకా కాలేదా? చంద్రుడు లేస్తాండాడు, ఇంక పడుకో పో." ఆ సంవత్సరానికి ఒమెగా సెంటారీ అలా పోయింది. ఇప్పటికీ కడుపు మండుతుంది.

కొన్న షాపుకు ఫోన్ చేస్తే "గట్టిగా బిగించి వాడండి సార్" అన్నారు. విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్ వాషర్ నలిగిపోయి ఉంది. అది పట్టుకుని మా వీధి చివర లేత్ షాపుకు వెళ్తే, మిస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎప్పుడూ ఒకే వాలు కావాలంటే ఇన్ని మరలెందుకు సామీ? ఒకటే దిమ్మ కోసేస్తా" అన్నాడు. అల్యూమినియం దిమ్మను 15 డిగ్రీల వాలుకు కోసి, కుడి ఎడమలకు జరుపుకోవడానికి పొడుగు కంతలు పెట్టిచ్చాడు. ఎత్తులో మిగిలే కొద్దిపాటి తేడా కింద మట్టం సరిచేసే లెవెలింగ్ బేస్‌తో సరిపోతుంది. వేధశాలల్లో చేసేదీ ఇదే కదా, అక్కడ టెలిస్కోపును మోసే మౌంట్‌ను ఆ ఊరి అక్షాంశానికే కట్టేస్తారు. గత శతాబ్దం మొదటి సగంలో హైదరాబాదు నిజామియా వేధశాల వాళ్లు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీని గాజు పలకల మీద ఫోటోలు తీశారు. సిరియస్ కింద ఉండే ఎం41 ఆ పట్టీలోదే. దిమ్మ వచ్చాక చలికాలంలో నేను మొదట తీసింది ఆ గుచ్ఛాన్నే, అంచుల దాకా గుండ్రటి చుక్కలు. తర్వాతి వేసవిలో ఒమెగా సెంటారీ కూడా దక్కింది. నడుమ ముద్దగానే ఉన్నా అంచుల్లో నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

దిమ్మ కదలకుండా నిలబడ్డాక మోటారు అసలు రంగూ తెలిసింది. పైన చుక్క చుక్కలాగే ఉంటుందన్నది 135 లెన్స్ వరకే. 200తో గేర్ల తేడా బయటపడుతుంది, నిమిషం ఫోటోల్లో నాలుగింట ఒకటి పారేస్తున్నాను. ఈ దిమ్మ అరకులో నేరుగా పనికిరాదు, అక్కడ అక్షాంశం 18 దాటుతుంది కాబట్టి కింద ఇంకో చెక్క పెట్టాలి. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఇదే ట్రాకర్‌ను దాంతో వచ్చిన వెడ్జ్‌తోనే 33 డిగ్రీల దగ్గర వాడుతున్నాడు, ఒక్కసారీ జారలేదట.

కాబట్టి కొనమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను. నాకు వీధి చివరే లేత్ షాపు ఉంది, ఎప్పుడూ ఒకే చోటు నుంచి తీస్తాను, అందుకే ఇది సరిపోయింది. ఊరూరూ తిరిగేవాళ్లు, 200 దాటిన లెన్స్ ఉన్నవాళ్లు మాత్రం ఇంకొంత డబ్బు పోగేసుకుని, 10 డిగ్రీల దగ్గర కూడా గట్టిగా నిలబడే మౌంట్ చూసుకోండి. కొనేముందు షాపులోనే దాన్ని మీ ఊరి అక్షాంశానికి వాల్చి, కెమెరా తగిలించి, ఓ అరగంట వదిలేసి చూడండి.