జాగ్రత్త: ‘ఏ ఎత్తులోనైనా చూపిస్తుంది’ అని అమ్మే బకెట్ లెవల్ ఇండికేటర్

ట్రాక్టర్ ముందు బకెట్‌తో మట్టి, రాళ్లు ఎత్తే లోడర్‌కు విడిగా బిగించుకునే బకెట్ లెవల్ ఇండికేటర్ (బకెట్ అడుగు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూపే పరికరం) కొనాలనుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్నది నన్ను రెండుసార్లు దెబ్బతీసింది. మొదటిసారి చదును చేసిన నేల పాడైంది. రెండోసారి ప్రాణం మీదికి వచ్చింది.

వస్తువు చాలా చిన్నది. నూనె ఒత్తిడితో చాచుకుని బకెట్‌ను వంచే సిలిండర్ మీద ఒక గొట్టాన్ని క్లాంపులతో బిగిస్తారు. బకెట్ వైపు పిన్ను దగ్గర సన్నని కడ్డీని కట్టి ఆ గొట్టంలోంచి పోనిస్తారు. బకెట్‌ను కిందికి వంచితే కడ్డీ ముందుకు జారుతుంది, వెనక్కి తిప్పితే వెనక్కి వస్తుంది. పసుపు రంగు వేసిన కడ్డీ కొన గొట్టం చివరతో కలిసిందంటే బకెట్ అడుగు నేలకు సమాంతరంగా ఉన్నట్టు.

ఆలోచన మంచిదే, కాదనను. సీటులో కూర్చుంటే బానెట్ అడ్డు వచ్చి బకెట్ అంచు కనబడదు. అంచు కాస్త కిందికి వంగితే నేలను తవ్వేస్తుంది, కాస్త పైకి లేస్తే కుప్ప అడుగున మట్టిని వదిలేసి పైకి ఎక్కుతుంది. చెయ్యి తిరిగిన డ్రైవర్ ఇంజిను శబ్దాన్ని బట్టి, స్టీరింగ్ బరువును బట్టి దీన్ని కనిపెడతాడు. నాకింకా అంత అనుభవం లేదు, అందుకే కొన్నాను.

మూడో రోజు దారి మీద కంకర పరుస్తున్నాను. పసుపు కొన సరిగ్గా గొట్టం చివరనే ఉంది. నేను నిశ్చింతగా ముందుకు నడిపాను. దిగి చూస్తే అంతకు ముందు గట్టిగా అణిచిన నేల మీద బారెడు పొడవున గాడి పడింది. కారణం వెతికితే సిలిండర్ పెయింటు మీద కొత్తగా, తెల్లగా మెరుస్తున్న గీత కనబడింది. వెడల్పు బొటనవేలంత ఉంటుంది. నున్నటి గుండ్రని సిలిండర్‌ను ఒకే ఒక్క స్క్రూ పట్టుకుని ఉంది. అదురుకు అది వదులై క్లాంపు జరిగిపోయింది. కడ్డీ మాత్రం అంతా బాగానే ఉందన్నట్టు చూపిస్తూనే ఉంది. ఇండికేటరే లేకపోతే నేను అనుమానంతో దిగి చూసుకునేవాణ్ని.

అమ్మిన మనిషికి ఫోను చేస్తే, లోడర్ చేతికి, అంటే బకెట్‌ను పైకి లేపే ఇనుప దూలానికి, రంధ్రం వేసి బోల్టు బిగించమన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. బరువంతా మోసేది ఆ చెయ్యే. రంధ్రం వేసిన చోట బలహీనపడి బీట వచ్చే ప్రమాదం ఉంది. సిలిండర్ మీద వెల్డింగ్ చేస్తే ఆ వేడికి నూనె కారకుండా ఆపే లోపలి సీళ్లు పాడవుతాయి.

రెండో సంగతి దీనికన్నా పెద్దది. బకెట్ నిండా, అంచు దాటేలా రాళ్లు ఎత్తి ట్రాలీలో వేయబోతున్నాను. ఏ ఎత్తులోనైనా ఇది లెవల్ చూపిస్తుందని కొనేటప్పుడు చెప్పారు కనుక నా చూపంతా పసుపు కొన మీదే ఉంది. లోడర్ చేతులు పైకి లేస్తున్నాయి, కొన వెంట్రుకవాసి కూడా కదలలేదు. అంతలో రాళ్లు బకెట్ వెనక అంచు దాటి దొర్లి బానెట్ మీద పడ్డాయి. ఒకటి నా భుజం పక్కగా వెళ్లి సీటు వెనక రక్షణ చట్రానికి తగిలింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

తీరిగ్గా ఆలోచిస్తే విషయం అర్థమైంది. ఆ కడ్డీ చూపించేది సిలిండర్ ఎంత చాచుకుందో మాత్రమే. మామూలు లోడర్‌లో బకెట్‌ను వంచే లివర్ తాకకుండా చేతులు మాత్రమే పైకి లేపితే ఆ సిలిండర్ కదలదు, కాబట్టి కడ్డీ కూడా కదలదు. కానీ చేతులు ఎన్ని డిగ్రీలు లేస్తే బకెట్ కూడా అన్ని డిగ్రీలు మన వైపు వెనక్కి వాలుతుంది. అంటే ఈ ఇండికేటర్ నిజం చెప్పేది బకెట్ నేల దగ్గర ఉన్నప్పుడే. బకెట్ కోణాన్ని తనంతట తానే నిలిపి ఉంచే సెల్ఫ్ లెవలింగ్ లోడర్ల సంగతి వేరు. మీ లోడర్ ఏ రకమో తెలుసుకోకుండా ‘ఏ ఎత్తులోనైనా’ అన్న మాట నమ్మకండి.

డబ్బు ఇచ్చే ముందు మీ బండికే బిగించి చూపించమనండి. సిమెంటు గచ్చు మీద బకెట్ అడుగు ఆనించి గుర్తు సరిచూడండి. తర్వాత బకెట్ ఖాళీగానే ఉంచి చేతులు నడుము ఎత్తుకు లేపి, దూరంగా నిలబడిన మనిషిని పక్కనుంచి చూడమనండి. లేపిన బకెట్ కిందికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి. క్లాంపులు రెండైనా ఉండాలి, ఒక్కొక్కటి రెండు బోల్టులతో చుట్టూ పట్టాలి. బకెట్‌ను పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కి తిప్పినప్పుడు కడ్డీ దేనికీ తగలకూడదు. నాది చెట్టు కొమ్మకు తగిలి ఒకసారి వంగింది కూడా. బకెట్ తీసి ఫోర్కులు (బరువులెత్తే పొడవాటి ఇనుప పళ్లు) పెట్టుకునేవారు ఆ గుర్తు వాటికి సరిపోతుందో లేదో విడిగా చూసుకోవాలి.

రసమట్టం లాంటి బుడగ ఉన్న రకం కూడా అమ్ముతున్నారు. అది భూమి ఆకర్షణను బట్టి చూపిస్తుంది కనుక వాలు నేల మీద నేలకు సమాంతరం చూపించదు. పైగా అదురులో, దుమ్ములో సీటు నుంచి ఆ బుడగ కనబడటం కష్టం.

నేను ఆ క్లాంపులు తీసేశాను. గచ్చు మీద బకెట్ ఆనించి, సిలిండర్ బయటి గొట్టం మీద, బకెట్ లింకు మీద ఎదురెదురుగా రెండు పెయింటు గీతలు గీసుకున్నాను. సిలిండర్‌లోంచి వచ్చే మెరిసే రాడ్డుకు మాత్రం పెయింటు తగలనివ్వలేదు, ఎండిన పెయింటు సీలును చెడగొడుతుంది. నేల దగ్గర చదును పనికి ఆ గీతలు చాలుతున్నాయి. బరువు పైకి లేపేటప్పుడు కళ్లు బకెట్ మీదే పెట్టి, లేస్తున్నకొద్దీ లివర్‌తో కొంచెం కొంచెంగా ముందుకు వంచుతున్నాను.

ఇప్పటికే కొన్నవారు ఉంటే రేపు పని మొదలుపెట్టే ముందు బకెట్ నేలకు దించి, ఇంజిను ఆపి, క్లాంపు దగ్గర పెయింటు మీద గీత పడిందేమో ఒక్కసారి చూసుకోండి.