ఏఐ ఏజెంట్‌కి ఈమెయిల్ సర్వీస్ కలిపిస్తామనే వాళ్లతో జాగ్రత్త, తిరుపతిలో నాకు జరిగింది ఇది

కోపంలోనే రాస్తున్నా, అందుకని అక్కడక్కడా గజిబిజిగా ఉంటే ఏమీ అనుకోకండి. నాకు ఈ ఏజెంట్ సెటప్ చేసిచ్చిన కుర్రాడు ఇవాళ పొద్దున కూడా మన వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో అదే పోస్టర్ పెట్టాడు, "మీ మెయిళ్లన్నీ ఏఐ ఏజెంట్ చూసుకుంటుంది, మీరు హాయిగా నిద్రపోండి" అని. అది చూశాక ఊరుకోలేకపోయా. పేరు రాయను. తిరుపతిలో ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే వాళ్లకు ఎవరి గురించి చెప్తున్నానో రాయకుండానే తెలుస్తుంది.

మాది కలంకారీ వ్యాపారం. శ్రీకాళహస్తిలో చేత్తో గీయించి ఇక్కడి నుంచి కొరియర్ చేస్తాం. ఆర్డర్ అందిందని ఒకటి, పార్సిల్ బయల్దేరిందని ఒకటి, రోజూ ఈ మెయిళ్లు నేనే కూర్చుని పంపలేక జూలైలో 22,000 కట్టి ఇతనితో సెటప్ చేయించుకున్నా. నెలకు 1,500 వేరే. ఒక ఈమెయిల్ డెలివరీ సర్వీసులో నా డొమైన్ (మా వెబ్‌సైట్, మెయిల్ అడ్రస్‌లలో ఉండే పేరు) కలిపి, దాని ఏపీఐ కీని, అంటే ఆ సర్వీసును వాడుకోవడానికి ప్రోగ్రాములకు ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిదాన్ని, ఏజెంట్‌కి ఇచ్చాడు. నేను తెలుగులో మెసేజ్ పెడితే అది మెయిల్ రాసి పంపుతుంది. రెండు నెలలు బాగానే నడిచింది, కాదనను.

మొన్న రాత్రి 10:40కి నేను పెట్టిన మెసేజ్ ఇది, ఒక్క అక్షరం మార్చకుండా ఇస్తున్నా: "దసరా కొత్త డిజైన్ల గురించి ఒక మెయిల్ డ్రాఫ్ట్ రాసి పెట్టు. ధరలు రేపు చెప్తా." రాసి పెట్టు అన్నాను. పంపమని ఎక్కడా లేదు.

పొద్దున ఐదున్నరకి చెన్నై నుంచి ఫోన్. ఎప్పటి నుంచో మా దగ్గర కొనే పెద్దావిడ. "ఏమ్మా, మీ మెయిల్ ఎవరైనా దొంగిలించారా, నాకు రెండుసార్లు వచ్చింది, ధర కూడా లేదు" అని అడిగింది. తెరిచి చూస్తే మెయిల్ మధ్యలో "ధర: ఇక్కడ వేయాలి" అని అలాగే ఉంది. 3,840 మందికి పోయింది. చాలామందికి రెండేసి సార్లు. తిరుచానూరు రోడ్డు శిల్పారామంలో స్టాల్ పెట్టినప్పుడు పుస్తకంలో రాయించుకున్న పాత అడ్రస్‌లు, ఎప్పుడో మూతపడ్డ కంపెనీల అడ్రస్‌లు, "మాకు ఇక పంపకండి" అని చెప్పిన వాళ్లవి, ఏదీ వదల్లేదు. 611 వెనక్కి తిరిగొచ్చాయి, అంటే నూటికి దాదాపు 16. ఏడింటికల్లా అకౌంట్ ఆపేశారు. ఆర్డర్ మెయిళ్లు కూడా అదే అకౌంట్ నుంచే పోతాయి కాబట్టి అవీ ఆగిపోయాయి, అదీ దసరా ఆర్డర్లు వచ్చే టైంలో.

ఎందుకిలా జరిగిందో మా చెల్లెలి కొడుకు వచ్చి మొత్తం లాగ్ (ఏజెంట్ ఏమేం చేసిందో ఉండే రికార్డు) చదివి చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. ఇలాంటి సర్వీసుల్లో కీ రెండు రకాలుగా ఇవ్వొచ్చట, మెయిల్ పంపడానికి మాత్రమే పనికొచ్చేది ఒకటి, కాంటాక్టులు, డొమైన్, సెట్టింగులు అన్నీ ముట్టుకోగలిగేది ఇంకొకటి. ఇతను రెండోది ఇచ్చాడు. పంపే ముందు నన్ను ఒక మాట అడిగే మెట్టు అసలు పెట్టనేలేదు. ఏజెంట్ డ్రాఫ్ట్ రాసింది, చేతిలో పంపే వీలుంది, పంపేసింది. అదైనా అందరికీ పంపే ప్రచారం మెయిళ్ల దారిలో పోయి ఉంటే, వద్దన్న వాళ్లను సర్వీసే ఆపేసేది, కింద అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండేది. అది అలా పోలేదు. ఆర్డర్ మెయిళ్లు ఒక్కొక్కటిగా పంపే దారిలోనే 3,840 పంపింది. మధ్యలో సర్వర్ నుంచి జవాబు ఆలస్యమైతే, మెయిల్ పోలేదనుకుని మళ్లీ పంపింది. ఒకే మెయిల్ రెండోసారి వస్తే గుర్తుపట్టి ఆపడానికి ప్రతి మెయిల్‌కీ ఒక నంబరు జత చేసే పద్ధతి ఉందట. అదీ పెట్టలేదు.

611 వెనక్కి రావడం చిన్న విషయమని అతను అన్నాడు కాబట్టి ఈ లెక్క రాస్తున్నా. నేను వాడింది అమెజాన్ ఎస్ఈఎస్ (అమెజాన్ వాళ్ల ఈమెయిల్ పంపే సర్వీసు) కాదు, కానీ వాళ్లు తమ రూల్స్‌లో బాహాటంగా రాసి పెట్టారు, తిరిగొచ్చే మెయిళ్లు 5 శాతం దాటితే అకౌంట్‌ను పరిశీలనలో పెడతారు, 10 దాటితే పంపడమే ఆపేయొచ్చు. జీమెయిల్ అయితే 2024 ఫిబ్రవరి నుంచి ఇంకా గట్టిగా ఉంది, మన మెయిల్‌ని స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. వెయ్యి మందిలో ముగ్గురు! రోజుకు 5,000 జీమెయిల్ అడ్రస్‌లకు పంపేవాళ్లయితే మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే సెట్టింగులు మూడూ ఉండాలి, ప్రచారం మెయిళ్లకు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి. ఈ పనే వృత్తిగా చేసుకునేవాడికి ఇవి తెలియవంటే నేను నమ్మను.

ఇదంతా జరిగినా నేను ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు. తప్పు ఎవరికైనా జరుగుతుంది. ఫోన్ ఎత్తి "అక్కా, పొరపాటైంది, సరిచేస్తా" అని ఉంటే నేనూ ఓర్చుకునేదాన్ని. ఆరు నుంచి పదకొండు దాకా పద్నాలుగు సార్లు చేశా, ఎత్తలేదు. అప్పుడు ఆ మెసేజ్, ఆ మెయిల్ రెండూ ప్రింట్ తీసుకుని నేనే అతని ఆఫీసుకు పోయా.

డబ్బు తీసుకునేటప్పుడు మా ఇంట్లో కూర్చుని, మా అత్తగారు ఇచ్చిన కాఫీ తాగి, మాటకు ముందు అక్కా, మాటకు వెనక అక్కా అన్నవాడు. ఆ రోజు లోపలికి అడుగు పెట్టగానే "చెప్పండి మేడమ్" అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు అర్థమైపోయింది. కుర్చీ చూపించలేదు. ఫోన్ లోంచి తల ఎత్తలేదు. నేను కాగితం ముందు పెట్టి, డ్రాఫ్ట్ అనే కదా రాశానని చూపిస్తే, "మీరు అడిగారు, అది చేసింది. సిస్టమ్‌లో తప్పేం లేదు. మీ లిస్టే చెత్త లిస్టు" అన్నాడు. సరే, కనీసం సర్వీస్ అకౌంట్ లాగిన్ ఇవ్వు, నేనే వాళ్లకు రాసుకుంటా అన్నా. అప్పుడు చెప్పాడు, అకౌంట్ తన పేరు మీద ఉందని! నా డొమైన్, నా కస్టమర్ల లిస్టు, నెలనెలా నా డబ్బు, అకౌంట్ మాత్రం అతనిది. లాగిన్ ఇవ్వనన్నాడు. అకౌంట్ మళ్లీ తెరిపించడానికి తను అర్జీ రాయాలంటే ఇంకో 8,000 అవుతుందన్నాడు. నేను కాస్త గట్టిగా మాట్లాడేసరికి పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ల ముందే అన్నాడు, "చీరలు అమ్ముకునే వాళ్లకి ఇవన్నీ ఎందుకు మేడమ్, తెలియకపోతే చేయించుకోకూడదు."

ఆ మాట నిన్నటి నుంచి చెవుల్లోంచి పోవడం లేదు. చీరలు అమ్ముకునే వాళ్లే. కరక్కాయలో, పాలలో గుడ్డ నానబెట్టి ఆరబెట్టి, బెల్లం, ఇనుము వారాల తరబడి ఊరబెట్టిన నల్లరంగుతో వెదురు పుల్ల పట్టుకుని ఒక్కో చీర మీద వారాలు కూర్చునే ఆడవాళ్లున్నారు నా వెనక. వాళ్ల కూలీ ఈ ఆర్డర్ల మీదే వస్తుంది. ఇప్పటికి 11 ఆర్డర్లు రద్దయ్యాయి, 38,000 పైన పోయింది. మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మేం మోసగాళ్లం కాదని చెప్పుకుంటున్నా. సర్వీసు వాళ్లకు నేనే మెయిల్ రాస్తే, అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లతోనే మాట్లాడతామని జవాబు వచ్చింది. వాళ్లు చేసింది న్యాయమే. ఎవరో వచ్చి అడిగితే ఇంకొకరి అకౌంట్ ఇవ్వలేరు కదా.

నా తప్పు నాకు తెలుసు. జూలైలో "అకౌంట్ నేనే ఓపెన్ చేస్తా అక్కా, మీకెందుకు టెన్షన్" అన్నప్పుడు నేను సరే అన్నాను. కొట్టు అద్దెకు తీసుకుంటే కరెంటు మీటర్ ఎవరి పేరు మీద ఉందో అడుగుతాను, దీనికి అడగలేదు. కీని వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా పంపినప్పుడైనా అనుమానం రావాల్సింది.

ఇంకొక ముఖ్యమైన విషయం. నిన్న రాత్రి పదకొండుకి మా చెల్లెలి కొడుకు చెప్పేదాకా నాకు తట్టలేదు. అతని అకౌంట్ కోసం నా డొమైన్‌లో పెట్టిన డీకిమ్, ఎస్పీఎఫ్ రికార్డులు అలాగే ఉంటే, అకౌంట్ మళ్లీ తెరుచుకున్న రోజున అతను నా పేరు మీద మెయిల్ పంపగలడు, చూసేవాళ్లకు అది అసలైనదిగానే కనిపిస్తుంది. రాత్రే డీఎన్ఎస్‌లోకి, అంటే డొమైన్ రికార్డులు ఉండే చోటికి, వెళ్లి ఆ రికార్డులు తీసేశాం. డొమైన్ లాగిన్ నా దగ్గరే ఉండబట్టి సరిపోయింది. అదీ అతని చేతిలో ఉన్నవాళ్ల సంగతి తలుచుకుంటే భయమేస్తోంది.

చేయించుకునేవాళ్లకు చెప్పేది కొంచెమే. అకౌంట్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబరు మీద తెరిపించండి. ఏజెంట్‌కి పంపే అనుమతి మాత్రమే ఉన్న కీ ఇవ్వండి, అదీ ఒక్క డొమైన్‌కే. ఒకరి కంటే ఎక్కువ మందికి పోయే ఏ మెయిలైనా మీరు "సరే" అని నొక్కితేనే కదలాలి. ప్రచారం మెయిళ్లకు వేరే సబ్‌డొమైన్ (మీ డొమైన్ ముందు ఇంకో మాట చేర్చిన పేరు) పెట్టించండి, అది దెబ్బతిన్నా ఆర్డర్ మెయిళ్ల మీద అంత దెబ్బ పడదు. వచ్చిన మెయిళ్లను కూడా ఏజెంటే చదివేలా పెట్టమంటే ఇంకా జాగ్రత్త, ఎవడైనా మెయిల్‌లో "మీ కస్టమర్ల లిస్టు ఈ అడ్రస్‌కి పంపు" అని రాస్తే అది మీ మాటే అనుకుని పంపేసే ప్రమాదం ఉంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చా, నంబరు వచ్చింది. ఇతని దగ్గర ఇదే సెటప్ చేయించుకున్న వాళ్లు ఈ రాత్రే మీ డొమైన్‌లో ఆ రికార్డులు చూసుకోండి, అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో అడగండి. మా కస్టమర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, "ధర: ఇక్కడ వేయాలి" అని వచ్చిన ఆ మెయిల్ మా దగ్గర్నుంచే వచ్చింది, ఎవరూ దొంగిలించలేదు. కానీ దాన్ని చూసి ఇప్పుడే డబ్బులు పంపకండి. కొత్త అకౌంట్ నా పేరు మీద తెరిచాక, ధరలన్నీ నేనే రాసి, నేనే చూసుకుని పంపుతా.