ఆరేళ్ల ఫ్లోరిమీటర్, 650 దగ్గర నా పరువు

జింక్ ఆక్సైడ్ నానోకణాల్లో లోపాలు వెతకడానికి ఆరేళ్లుగా మా ల్యాబ్‌లో ఈ జెనాన్ దీపం ఫ్లోరిమీటర్‌నే వాడుతున్నాను. శాంపిల్ మీద కాంతి వేసి, అది ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగిస్తుందో గీసి చూపే మెషీన్ ఇది. వాట్లు, స్లిట్ల లెక్కలు బ్రోషర్‌లో ఉంటాయి, వదిలేద్దాం. నా కడుపుమంట ఒక్కటే: దీంట్లో ఆర్డర్ ఫిల్టర్ (అక్కర్లేని కాంతిని ఆపే గాజు) దానంతట అది పడదు. మనమే గుర్తుపెట్టుకుని పెట్టాలి.

రెండో ఏడాది సంగతి. 325 నానోమీటర్ల కాంతి వేస్తే మామూలుగా 380 దగ్గర అసలు పీక్, 520-550 మధ్య లోపాల తాలూకు ఆకుపచ్చ గుట్ట వస్తాయి. ఆ రోజు 650 దగ్గర కూడా సూదిలా ఒకటి నిలబడింది. ఎర్ర వెలుగంటే జాలకంలో, అంటే పరమాణువుల అల్లికలో, అదనపు ఆక్సిజన్ ఇరుక్కున్నట్టేనని పేపర్లలో చదివి ఉన్నాను. ఇంకేం, పోస్టర్ ప్రింట్ చేయించేశాను. లోపాల వెలుగు అంత సన్నగా ఉండదన్న మాట అప్పుడు తట్టలేదు.

సెమినార్‌కి రెండు రోజుల ముందు మా జూనియర్ పొరపాటున 325 బదులు 330 కొట్టాడు. తిడదామని స్క్రీన్ వైపు చూస్తే పీక్ 660కి వెళ్లి కూర్చుంది. ఐదు జరిపితే పది జరిగింది! అది నా కణాల వెలుగు కాదు. పొడి మీద పడి చెదిరిన దీపం కాంతే, రంగుల్ని విడదీసే గ్రేటింగ్‌లో రెండో ఆర్డర్‌గా, రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కనబడుతోంది. 350 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఆపే గాజు ఫిల్టర్ అడ్డం పెట్టగానే మాయం. ఆకుపచ్చ గుట్ట మాత్రం కదల్లేదు. ఆ పోస్టర్‌ని ఇప్పుడు త్రాసు కింద బోర్లా పరిచాం.

చాలా సున్నితమైన మెషీన్ అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అంటాను, కాకపోతే నీళ్లలో కలిపిన పలచటి శాంపిల్ పెడితే నీటి రామన్ పీక్‌ని (నీళ్లే కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చేదాన్ని) కూడా 365 దగ్గర అంతే శ్రద్ధగా చూపిస్తుంది. ముందు ఉత్త నీళ్లతో ఒకసారి తీసి పెట్టుకోవాల్సిందే.

పొడిని 400 డిగ్రీల్లో వేడిచేశాక ఆకుపచ్చకీ 380కీ నిష్పత్తి ఎలా మారిందో చూసుకునే నాలాంటి వాళ్లకు ఇది చాలు. ఆ ఆకుపచ్చ ఆక్సిజన్ ఖాళీలదా, జింక్ ఖాళీలదా, రాగి మలినానిదా అంటే ఇదొక్కటే తేల్చలేదు. మాకు పక్క డిపార్ట్‌మెంట్‌లో ఈపీఆర్ (జత లేని ఎలక్ట్రాన్లని పట్టే యంత్రం) ఉంది కాబట్టి నడుస్తోంది. బడ్జెట్ ఉంటే ఫిల్టర్లు వాటంతట అవే మారే మోడల్ చూసుకోండి. మా ఫిల్టర్ స్వీట్ల డబ్బాలో, దూది మధ్య ఉంటుంది. తాళం నా దగ్గరే.