ఫిట్స్ మందులు వాడే రోగికి ఏ రిలాక్సెంట్ మేలు?

ఏళ్లుగా ఫెనిటాయిన్ గానీ కార్బమజెపిన్ గానీ మింగుతున్న రోగి పెద్ద ఆపరేషన్‌కు వస్తే, కండరాలను వదులుచేసే మందుల్లో (రిలాక్సెంట్లు) రోక్యురోనియం ఇవ్వాలా, సిస్‌అట్రాక్యురియమా? అనస్థీషియా పీజీ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. "సుగమ్మడెక్స్ ఉందిగా, రోక్యురోనియమే ఇచ్చేద్దాం" అనేవాళ్లే ఎక్కువ. సుగమ్మడెక్స్ అంటే రోక్యురోనియం ప్రభావాన్ని తీసేసే మందు. కానీ ఈ రోగుల్లో చిక్కు రివర్సల్ (ఆ ప్రభావాన్ని తీసేయడం) దగ్గర రాదు, ఆపరేషన్ నడుమ వస్తుంది.

రోక్యురోనియం, వెక్యురోనియం చాలావరకు కాలేయం ద్వారానే బయటికి పోతాయి. ఫెనిటాయిన్ ప్రభావంలో ఉన్న కాలేయం వాటిని తొందరగా వదిలించుకుంటుంది. కండరం మీది గ్రాహకాలు (మందు వెళ్లి అతుక్కునే చోట్లు) పెరగడమూ ఒక కారణమంటారు. మామూలుగా కిలోకు 0.6 మి.గ్రా. రోక్యురోనియం అరగంట పైనే పనిచేస్తుంది. వీళ్లలో అంతకు చాలా ముందే తేలిపోతుంది. తలకు పిన్నులు బిగించి, మైక్రోస్కోప్ కింద మెదడు మీద పని జరుగుతుండగా రోగి దగ్గితే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

సిస్‌అట్రాక్యురియం ఎక్కువభాగం రక్తంలోనే, పీహెచ్‌ను, ఉష్ణోగ్రతను బట్టి తనంతట తాను విరిగిపోతుంది. ఫిట్స్ మందుల ప్రభావం దీని మీద బొత్తిగా లేదనలేం గానీ, తక్కువ. ఎప్పుడు తేలుతుందో అంచనా వేయొచ్చు. నాకు అదే ముఖ్యం. అందుకే సుదీర్ఘ ఆపరేషన్‌కు నా ఓటు దీనికే: కిలోకు 0.15 మి.గ్రా.తో మొదలుపెట్టి ఇన్‌ఫ్యూజన్ (సిరలోకి ఆగకుండా ఎక్కించడం). ఒళ్లు చల్లబడినా, అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) వచ్చినా ప్రభావం సాగుతుందని మరవకండి. అట్రాక్యురియం కూడా పనికొస్తుంది, కాకపోతే ఒంట్లో హిస్టమిన్ (అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే రసాయనం) విడుదలయ్యే బెడద.

కడుపు నిండా ఉన్న రోగికి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోకముందే ట్యూబు వేయాలి కాబట్టి, సిస్‌అట్రాక్యురియం మాత్రం కుదరదు, నెమ్మదిగా పనిచేస్తుంది. అక్కడ రోక్యురోనియం కిలోకు 1.2 మి.గ్రా. ఇచ్చి, ట్విచ్ (నరానికి కరెంటు ప్రేరణ ఇస్తే కండరం అదరడం) తిరిగి రాగానే చిన్న డోసులు. గడియారం చూసి ఇస్తే ఆలస్యమైపోతుంది.

ఇంకో మెలిక. ఎన్నాళ్లుగానో వాడుతున్న ఫెనిటాయిన్ రిలాక్సెంట్ ప్రభావాన్ని తగ్గిస్తే, ఆపరేషన్ టేబుల్ మీద సిరలోకి ఎక్కించే ఫెనిటాయిన్ పెంచుతుంది. ఫెనిటాయిన్ లోడింగ్ డోసు (మొదట ఇచ్చే పెద్ద డోసు) ఇచ్చాక అలవాటుగా రిలాక్సెంట్ టాపప్ (అదనపు డోసు) ఇచ్చేయొద్దు.

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, మెగ్నీషియం సంగతికొస్తే రెండు రిలాక్సెంట్లూ ఒకటే. నరం చివర అసిటైల్‌కోలిన్ (కండరాన్ని కదిలించే రసాయనం) విడుదల తగ్గి, రెండింటి ప్రభావమూ సాగుతుంది. సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లతో ఈ భయం లేదు. జెంటామైసిన్ తప్పనప్పుడు మరో రివర్సల్ మందైన నియోస్టిగ్మిన్‌ను పూర్తిగా నమ్మలేం. అక్కడ రోక్యురోనియం, సుగమ్మడెక్స్ జోడీయే మెరుగు. రెండు ట్విచ్‌లు వచ్చాక సుగమ్మడెక్స్ కిలోకు 2 మి.గ్రా., రిలాక్సెంట్ ప్రభావం అంతకన్నా గాఢంగా ఉంటే 4. ఏ మందు వాడినా ట్రెయిన్ ఆఫ్ ఫోర్ నిష్పత్తి (వరుసగా నాలుగు ప్రేరణలిచ్చి, నాలుగో అదురును మొదటిదానితో పోల్చడం) 0.9 దాటాకే ట్యూబు తీయాలి.

మరో రిలాక్సెంట్ సక్సమిథోనియం గురించి ఒక్క మాట: డోనెపెజిల్ (మతిమరుపు మందు), పిరిడోస్టిగ్మిన్ (మయస్థీనియా అనే కండర బలహీనతకు మందు) వాడేవాళ్లలో దాని ప్రభావం సాగుతుంది.

సుగమ్మడెక్స్ ఇచ్చిన స్త్రీ హార్మోన్ గర్భనిరోధకాలు వాడుతుంటే, డిశ్చార్జి కాగితంలో 7 రోజులు కండోమ్ వంటి వేరే పద్ధతి కూడా పాటించమని రాయండి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఆ మాత్రల శక్తిని అప్పటికే తగ్గిస్తుంటాయి కాబట్టి, ఆ మాట నోటితో కూడా చెప్పి పంపాలి.