పేరుకెంత, పోషణకెంత: బెంగళూరులో నాలుగు స్పోర్ట్స్ కార్ల బేరీజు

స్పోర్ట్స్ కారు కొనదలచినవారి ముందు రెండు ప్రశ్నలు ఉంటాయి. ఆ కారు పేరు చెబితే నలుగురిలో కలిగే గౌరవం ఎంత అన్నది ఒకటి, దాన్ని ఇంట్లో ఉంచుకుని తిప్పడానికి ఏటా అయ్యే ఖర్చు ఎంత అన్నది రెండవది. మొదటి ప్రశ్న గురించి మనవాళ్లు ఎంతసేపైనా మాట్లాడుకుంటారు కానీ, రెండవదాన్ని షోరూములో అడగడానికి మొహమాటపడతారు. రెండు కోట్ల కారు కొనేవారు మైలేజీ గురించి అడిగితే చిన్నతనమవుతుందేమో అన్న సంకోచం అది. బెంగళూరులో స్థిరపడిన తెలుగు మిత్రుల వద్ద ఉన్న పోర్షే 911, లంబోర్గినీ హురకాన్, ఆడి ఆర్8, నిస్సాన్ జీటీఆర్ కార్లను నడిపి చూసే అవకాశం నాకు దొరికింది. ఫెరారీలో మాత్రం పక్క సీటులో కూర్చున్నానే తప్ప స్టీరింగ్ పట్టలేదు కనుక, దాని గురించి తక్కువే చెబుతాను. ఈ నగరంలో ఇలాంటి కారుకు అయ్యే ఖర్చులో పెద్ద భాగం నడిపినందుకు అయ్యేది కాదని, నడపకుండా షెడ్డులో ఉంచినా తప్పనిదని, అందువల్ల ఏది మనల్ని భయం లేకుండా ఎక్కువగా నడపనిస్తుందో అదే చివరికి చవక అవుతుందని నా అభిప్రాయం.

పేరు విషయంలో లంబోర్గినీకి సాటి లేదు. హురకాన్ బ్రిగేడ్ రోడ్డు మలుపులో కనిపిస్తే చాలు, బడిపిల్లలు కూడా పేరు పెట్టి పిలుస్తారు. జూనియర్ ఎన్టీఆర్ 2021లో లంబోర్గినీ వారి ఉరుస్ కొన్నప్పుడు తెలుగు పత్రికలన్నీ ఆ వార్త రాశాయి. ఆ తరువాత కార్ల మీద ఆసక్తి లేని ఇళ్లలో కూడా ఈ పేరు పరిచయమైపోయింది. ఫెరారీకి ఉన్న గౌరవం మరొక రకమైనది. సచిన్ టెండూల్కర్ బ్రాడ్‌మన్ 29 టెస్టు సెంచరీల రికార్డును సమం చేసినందుకు 2002లో ఫియట్ సంస్థ ఫార్ములా వన్ రేసర్ షూమాకర్ చేతుల మీదుగా ఆయనకు ఫెరారీ 360 మోడెనా బహూకరించింది. దాని మీద పడిన సుమారు 1.13 కోట్ల రూపాయల దిగుమతి సుంకాన్ని మినహాయించే విషయంలో వివాదం రేగగా, చివరికి ఆ మొత్తాన్ని ఫియట్ సంస్థే చెల్లించింది. మన దేశంలో ఫెరారీ పేరు, దాని మీద పడే సుంకం ఎంత పెద్దవో ఒకేసారి అందరికీ తెలిసిన సందర్భం అది.

పోర్షే 911 విషయం వేరు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తొలిసారి ప్రదర్శించిన ఆ ఆకారం నేటికీ పెద్దగా మారలేదు. తెలిసినవారు దూరం నుంచే గుర్తుపడతారు, తెలియనివారికి అది చిన్న అందమైన కారుగా మాత్రమే కనిపిస్తుంది. ఆదివారం తెల్లవారుజామున నంది కొండల వైపో, 44వ జాతీయ రహదారి మీద లేపాక్షి వైపో వెళ్లే కార్ల గుంపులో ఫోటోలు తీయించుకునేవారు హురకాన్ చుట్టూ చేరతారు. నడపడం అంటే ఇష్టం ఉన్నవారు 911 యజమానితో ఇంజన్ గురించి మాట్లాడుతూ కనిపిస్తారు. 2024లో ఫెరారీ ప్రపంచమంతటా 13,752 కార్లు అందజేసింది, లంబోర్గినీ 10,687 అందజేసింది. పోర్షే 911 ఒక్కటే 50,000 దాటింది. ఈ అంకెలు పేరుకు కొంత లోటే అయినా పోషణకు మేలు చేస్తాయి. ఎక్కువగా తయారయ్యే కారుకు విడిభాగాలు త్వరగా దొరుకుతాయి, దాని పని తెలిసిన మెకానిక్కులు కూడా ఎక్కువమందే ఉంటారు.

ఇక ఖర్చుల్లో మొదట చెప్పవలసింది పన్ను. కర్ణాటకలో 20 లక్షల రూపాయలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, ఆ పన్ను మీద సెస్సు కలిపితే దాదాపు 20 శాతం అవుతుంది. షోరూము ధర రెండు కోట్లు అనుకుంటే పన్ను ఒక్కటే 40 లక్షలు. పదేళ్లలో 50,000 కిలోమీటర్లు నడిపితే ఈ పన్ను కిలోమీటరుకు 80 రూపాయలు పడుతుంది. అదే కారును ఏడాదికి వెయ్యి కిలోమీటర్ల చొప్పున ఆదివారాలు మాత్రమే బయటకు తీస్తే కిలోమీటరుకు 400 రూపాయలు అవుతుంది. పెట్రోలు లీటరు సుమారు 103 రూపాయలు, కారు లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇస్తుంది అనుకున్నా, ఇంధనానికి కిలోమీటరుకు పడేది 21 రూపాయలు మాత్రమే. మైలేజీ గురించి బాధపడేవారు ఒకసారి ఈ లెక్కను పక్కన పెట్టుకుని చూడాలి. 911 కొంత తక్కువ తాగుతుంది, హురకాన్ చాలా ఎక్కువ తాగుతుంది, అయినా ఆ తేడా వల్ల ఎవరి నిర్ణయమూ మారనక్కరలేదు.

పన్ను తప్పించుకోవడానికి పుదుచ్చేరిలోనో మరొక రాష్ట్రంలోనో రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ తిప్పే అలవాటు చాలాకాలంగా ఉంది. అలాంటి కారును సెకండ్ హ్యాండులో తక్కువ ధరకు ఇస్తామంటే సంతోషించవద్దు. మరొక రాష్ట్రపు కారును పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 2025 జులైలో మహారాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్న ఒక ఫెరారీకి బెంగళూరు రవాణా అధికారులు సుమారు 1.42 కోట్ల రూపాయల పన్ను వసూలు చేశారు. అమ్మినవారు మిగుల్చుకున్న పన్ను కొన్నవారి నెత్తిన పడే ప్రమాదం ఎంత పెద్దదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రెండవ పెద్ద ఖర్చు గేర్‌బాక్సుకు సంబంధించినది, అది కూడా ప్రధానంగా పాత కార్లకు. మా బావగారు కొంతకాలం క్రితం పాత లంబోర్గినీ గల్లార్డో మీద మోజు పడ్డారు. ఈ-గేర్ అనే గేర్‌బాక్సు అమర్చిన గల్లార్డోలో, ఎఫ్1 గేర్‌బాక్సు ఉన్న ఫెరారీ ఎఫ్430లో ఉండేది ఒకే క్లచ్. కాలితో తొక్కే పెడల్ ఉండదు, క్లచ్ పనంతా యంత్రమే చేస్తుంది. సిల్క్ బోర్డు కూడలిలో అడుగడుగునా ఆగి కదులుతుంటే, కారు కదిలిన ప్రతిసారీ ఆ క్లచ్ కొంత రాపిడికి గురవుతుంది. ఐరోపా రహదారుల మీద చాలాకాలం మన్నే క్లచ్ ఇక్కడ త్వరగా అరిగిపోవడం అందుకే, దాన్ని మార్చడం లక్షల్లో పని. అందువల్ల ఆయనను ఆ ఆలోచన మానుకోమన్నాను. హురకాన్‌లో, ఇప్పటి 911లో ఉన్నవి నూనెలో మునిగి ఉండే జంట క్లచ్‌లు. ఇవి రద్దీని చాలా మేలుగా తట్టుకుంటాయి. వీటిలో కూడా 911 పద్ధతి నాకు మరింత నచ్చింది. ముందున్న బస్సు వెనుక అది పాకినంత నెమ్మదిగా, కుదుపు లేకుండా కదులుతుంది. హురకాన్ అదే వేగంలో కొంచెం అసహనం చూపుతుంది, ఎండాకాలం మధ్యాహ్నం వెనుక ఉన్న ఇంజన్ వేడి క్యాబిన్‌లోకి కూడా తెలుస్తుంది.

టైర్లు, బ్రేకుల విషయంలో కొనేముందే జాగ్రత్తపడవచ్చు. సాధారణ 911 కరేరాకు వెనుక 20 అంగుళాల చక్రాలు ఉంటాయి, కరేరా ఎస్‌కు 21 అంగుళాలవి. చక్రం పెద్దదయ్యే కొద్దీ టైరు గోడ పలచబడుతుంది, గుంత తగిలినప్పుడు ఆ దెబ్బ రిమ్ముకు చేరుతుంది. పోర్షే ఆమోదించిన టైర్ల మీద ‘ఎన్’ అన్న గుర్తు ఉంటుంది, కనుక దొరికిన టైరు వేసుకుంటే సరిపోతుందని అనుకోవద్దు. కార్బన్ సెరామిక్ బ్రేకులు ఫెరారీలో అన్ని మోడళ్లకూ తప్పనిసరిగా వస్తాయి, 911 కరేరాలో కావాలనుకుంటేనే. అవి రోడ్డు మీద చాలాకాలం మన్నుతాయి కానీ, చక్రం విప్పేటప్పుడు పనివాడి చేయి జారి డిస్కు అంచు విరిగితే ఒక్కో డిస్కుకు లక్షలు పెట్టాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తరచుగా వెళ్లేవారు తప్ప, నగరంలో తిరిగేవారికి ఇనుప డిస్కులే సరైనవి.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు భాగాన్ని కొన్ని సెంటీమీటర్లు పైకి లేపే లిఫ్ట్ ఏర్పాటు 911, హురకాన్ వంటి కార్లకు దొరుకుతుంది. లిఫ్ట్ దొరికే కారును అది లేకుండా బెంగళూరులో కొనవద్దు. మా కాలనీలో మునిసిపాలిటీ రోడ్డు వేయకముందే నివాసుల సంఘం స్పీడ్ బ్రేకర్ వేస్తుంది, దాని ఎత్తుకు ఏ కొలతా ఉండదు.

బీమా గురించి రెండు మాటలు. 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 7,897 రూపాయలు, ఇన్నోవాకు ఎంతో హురకాన్‌కూ అంతే. భారమంతా సొంత నష్టానికి చెల్లించే భాగంలో ఉంటుంది, అది కారు విలువను బట్టి పెరుగుతుంది. 2022 సెప్టెంబరు వానలకు బెంగళూరులోని యమలూరు దగ్గర విల్లాల్లో ఖరీదైన కార్లు నీట మునగడం అందరం చూశాం. ఇంజన్‌లోకి నీరు చేరితే అయ్యే నష్టానికి మామూలు పాలసీ వర్తించకపోవచ్చు కనుక, ఇంజన్ రక్షణ కవరు విడిగా తీసుకోవడం తప్పనిసరి.

జీటీఆర్ గురించి చెప్పడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే నడిపినవాటిలో అంతగా ఆశ్చర్యపరిచింది మరొకటి లేదు. 3.8 లీటర్ల వీ6 ఇంజన్, 570 హార్స్ పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. తడి రోడ్డు మీద కూడా ఎంతో ధైర్యాన్నిస్తుంది. 2016 డిసెంబరులో 1.99 కోట్లకు మన దేశంలో విడుదలైంది. అయితే దాని ప్రత్యేక సర్వీసు కేంద్రాన్ని నోయిడాలో పెట్టారు, బెంగళూరు నుంచి అది రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2025లో తయారీ కూడా ఆగిపోయింది. చిన్న కారు మైక్రాను తయారుచేసిన నిస్సాన్ సంస్థదే ఇది కూడా కనుక వీధిలో దాని విలువ తెలిసేవారు తక్కువ. తెలిసినవారు మాత్రం దాన్ని చూసిన చోటే ఆగిపోతారు.

హురకాన్ ఇంజన్ శబ్దం కోసం మనసు లాగేవారికి ఆర్8ను గట్టిగా సూచిస్తాను. రెండింటిలోనూ ఉన్నది టర్బో లేని అదే 5.2 లీటర్ల వీ10. లంబోర్గినీ 1998 నుంచి ఆడి చేతిలో ఉండటం వల్ల చట్రం, గేర్‌బాక్సు కూడా చాలావరకు ఉమ్మడివే. ఆర్8 కిటికీల నుంచి రోడ్డు బాగా కనిపిస్తుంది, సీటులోకి దిగడం, లేవడం తేలిక, నలుగురి చూపులు అంతగా పడవు. 2024లో దీని తయారీ ఆగింది కనుక కొనదలిస్తే సెకండ్ హ్యాండే దిక్కు. సర్వీసు చరిత్ర పూర్తిగా ఉన్నది, మొదటినుంచీ కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్నది మాత్రమే చూడండి.

ఫెరారీ ఏడేళ్ల నిర్ణీత సర్వీసును కారు ధరలోనే కలిపి ఇస్తుంది, యజమాని మారినా ఆ సౌకర్యం కొనసాగుతుంది. పోటీ సంస్థలు నేర్చుకోవలసిన మంచి పద్ధతి ఇది. టైర్లు, బ్రేకులు అందులో చేరవన్నది గుర్తుంచుకోవాలి.

కొత్త కారు కొని, ఆఫీసుకు, ఊరికి, ఆదివారం ప్రయాణానికి అన్నిటికీ అదే వాడాలనుకునేవారికి నా ఎంపిక పోర్షే 911 కరేరా. ఎస్ రకం వద్దు. వెనుక 20 అంగుళాల చక్రాలు, ఇనుప బ్రేకులు, ముందు లిఫ్ట్ చాలు. వెనుక సీట్లలో పెద్దవాళ్లు కూర్చోలేరు కానీ బడికెళ్లే ఇద్దరు పిల్లలు పడతారు, ముందు డిక్కీలో రెండు చిన్న సంచులు పడతాయి. మిగిలిన ఆప్షన్ల మీద పెట్టే డబ్బుకు కూడా ఇరవై శాతం పన్ను పడుతుంది కనుక, అక్కరలేనిదేదీ జాబితాలో చేర్చనివ్వవద్దు.